శుక్రగ్రాహిక (నెమటోడులు)

శుక్రగ్రాహిక అనేది నెమటోడా వర్గానికి చెందిన ఆడ పురుగుల జననవ్యవస్థలో ఒక భాగం. మగ పురుగు నుండి వచ్చిన శుక్రకణాలు ఈ చిన్న సంచిలో నిల్వ ఉంటాయి. స్త్రీబీజకోశం నుండి జారి వచ్చే ప్రతి అండం దీని గుండా వెళ్ళి, ఇక్కడే ఫలదీకరణ చెంది, తరువాత గర్భాశయంలోకి చేరుతుంది. ఒకసారి నిండిన శుక్రగ్రాహిక నుండి అనేక అండాలు వరుసగా ఫలదీకరణ చెందుతాయి కాబట్టి, ఆడ పురుగు సంతానశక్తి చాలావరకు ఈ సంచిపై ఆధారపడి ఉంటుంది.

నెమటోడులలో మనిషికి, పశువులకు, పంటలకు హాని చేసే జాతులు చాలా ఉన్నాయి. వీటిలో బోదకాలు వ్యాధిని కలిగించే పురుగు గోదావరి, కృష్ణా డెల్టాలలోను, వాటి నడుమ ఉన్న కొల్లేటి ప్రాంతంలోను తరతరాలుగా ప్రజలకు తెలిసినది. ఈ వ్యాధి నివారణకు ఏడాదికొకసారి చొప్పున అనేక సంవత్సరాలు మందు మింగవలసి రావడానికి ముఖ్య కారణం ఆడ పురుగు యొక్క దీర్ఘకాల సంతానశక్తి.

పేర్లు

నెమటోడులను తెలుగు పాఠ్యపుస్తకాలలో గుండ్రటి పురుగులు అంటారు. వ్యవసాయశాస్త్రంలో వీటినే నులిపురుగులు అని వ్యవహరిస్తారు. అయితే వాడుకలో నులిపురుగులు అంటే పిల్లల కడుపులో ఉండే సన్నని తెల్లని పురుగులే. పెద్ద పేగు పురుగులను ఏలికపాములు అని, రక్తం పీల్చే వాటిని కొంకిపురుగులు అని, కాలి పుండు నుండి దారంవలె బయటకు వచ్చే దానిని నారిపురుగు అని పిలుస్తారు. ఇవన్నీ నెమటోడులే. ఈ వ్యాసంలో వర్గం మొత్తాన్ని సూచించడానికి నెమటోడులు అనే పదం వాడబడింది.

సాధారణ లక్షణాలు

నెమటోడుల దేహం రెండు కొనలు సన్నబడిన గుండ్రని గొట్టంవలె ఉంటుంది. దేహానికి పైన అవభాసిని అనే గట్టి పొర ఉంటుంది. దేహకుడ్యానికి, పేగుకు మధ్య ద్రవంతో నిండిన మిథ్యాశరీరకుహరం ఉన్నది. జననవ్యవస్థ గొట్టాల రూపంలో ఈ ద్రవంలో తేలుతూ ఉంటుంది.

ఎక్కువ జాతులు ఏకలింగజీవులు, అనగా ఆడ, మగ పురుగులు వేరువేరుగా ఉంటాయి. మగ పురుగు సాధారణంగా ఆడ పురుగుకంటె చిన్నది. చాలా జాతులలో దాని తోక కొన వంకర తిరిగి ఉంటుంది. మగ పురుగులో జననవాహిక, పేగు కలిసి అవస్కరంలోకి తెరచుకుంటాయి. ఆడ పురుగులో మాత్రం జననరంధ్రం వేరుగాను, పాయువు వేరుగాను ఉంటాయి. జతకట్టే సమయంలో మగ పురుగు ముళ్ళవంటి కంటకాలతో ఆడ పురుగు జననరంధ్రాన్ని తెరచి శుక్రకణాలను లోపలికి పంపుతుంది.

స్త్రీ జననవ్యవస్థ నిర్మాణం

ఆడ నెమటోడు జననవ్యవస్థలో లోపలి కొన నుండి బయటి వరకు వరుసగా ఈ భాగాలు ఉంటాయి.

స్త్రీబీజకోశం: ఇది దారంవలె సన్నగా, పొడవుగా ఉంటుంది. దీని చివర బీజకణాలు విభజన చెందుతూ, ముందుకు జరిగేకొద్దీ పెద్దవై పక్వమైన అండాలుగా మారతాయి. అనేక జాతులలో అండాలు ఒకదాని వెనుక ఒకటి బారుగా నిలిచి ఉంటాయి.

స్త్రీబీజవాహిక: స్త్రీబీజకోశానికి, శుక్రగ్రాహికకు మధ్య ఉండే ఇరుకైన గొట్టం. సాధారణంగా దీని గుండా అండాలు ఒక్కొక్కటిగా మాత్రమే పోగలవు.

శుక్రగ్రాహిక: శుక్రకణాల నిల్వ స్థానం. కొన్ని జాతులలో ఇది గొట్టం దారిలోనే ఉబ్బిన భాగంగా ఉంటుంది. మరికొన్నింటిలో ప్రక్కకు పొడుచుకు వచ్చిన సంచివలె ఉంటుంది. ఏలికపాము వంటి వాటిలో గర్భాశయం యొక్క మొదటి భాగమే ఈ పని చేస్తుంది.

గర్భాశయం: ఫలదీకరణ చెందిన అండం చుట్టూ పెంకు ఏర్పడి, పిండం పెరగడం మొదలయ్యేది ఇక్కడే. సంఖ్యలో ఎక్కువగా గుడ్లు పెట్టే జాతులలో దేహంలో అధిక భాగాన్ని గర్భాశయమే ఆక్రమిస్తుంది.

యోని, జననరంధ్రం: గర్భాశయం కండరయుతమైన యోనిగా మారి, దేహపు క్రింది వైపున జననరంధ్రం ద్వారా బయటకు తెరచుకుంటుంది. జననరంధ్రం దేహం మధ్యలో ఉండవచ్చు, తలవైపు ఉండవచ్చు, తోకవైపు కూడా ఉండవచ్చు. దాని స్థానం జాతులను గుర్తించడానికి ఉపయోగపడుతుంది.

చాలా జాతులలో ఈ గొట్టాలు రెండు జతలుగా ఉండి, యోని వద్ద కలుస్తాయి. అటువంటి పురుగులలో శుక్రగ్రాహికలు కూడా రెండు ఉంటాయి. కొన్ని జాతులలో ఒకే గొట్టం ఉంటుంది.

తోకలేని శుక్రకణం

అనేక జంతువుల శుక్రకణాలకు తోకవంటి కశాభం ఉండి, దాని సాయంతో అవి ఈదుతాయి. నెమటోడుల శుక్రకణాలకు కశాభం లేదు. అవి అమీబావలె మిథ్యాపాదాన్ని చాచి గర్భాశయపు గోడల మీద ప్రాకుతూ పోతాయి. అమీబా వంటి ఇతర కణాలలో ఈ కదలిక ఆక్టిన్ అనే ప్రోటీను వలన కలుగుతుంది. నెమటోడుల శుక్రకణాలలో ఆ పనిని ప్రధాన శుక్రకణ ప్రోటీను అనే వేరొక ప్రోటీను చేస్తుంది. దాని పోగులు ముందువైపు పేరుకుంటూ, వెనుకవైపు విడిపోతూ కణాన్ని ముందుకు నడిపిస్తాయి.

ప్రాకే స్వభావం వలన శుక్రకణాలకు ఒక సౌకర్యం ఉంది. గుడ్డు గర్భాశయంలోకి దిగేటప్పుడు కొన్ని శుక్రకణాలు కూడా దానితోపాటు బయటకు నెట్టబడతాయి. అవి నశించిపోక, తిరిగి ప్రాకి శుక్రగ్రాహికను చేరుకోగలవు.

శుక్రగ్రాహిక పనిచేసే విధానం

ఈ విషయమై ఎక్కువ వివరాలు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగు నుండి తెలిసినవి. ఇది మట్టిలో, కుళ్ళిన పండ్లలో బాక్టీరియాను తిని బ్రతికే సుమారు 1 మిల్లీమీటరు పొడవు గల పురుగు. ఎవరికీ హాని చేయదు. దేహం పారదర్శకంగా ఉండుటచేత బ్రతికి ఉండగానే లోపలి భాగాలను సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. సిడ్నీ బ్రెన్నర్ దీని జన్యువులపై పరిశోధనను 1974లో ప్రచురించాడు. ఈ పురుగుపై చేసిన పరిశోధనలకు బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్ మరియు జాన్ సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ జాతిలో మగ పురుగులు, ఉభయలింగ పురుగులు ఉంటాయి. ఉభయలింగ పురుగు చూడటానికి ఆడ పురుగువలె ఉంటుంది. అది చివరి డింభక దశలో సుమారు 300 శుక్రకణాలను తయారుచేసి తన రెండు శుక్రగ్రాహికలలో దాచుకుంటుంది. ఆ తరువాత శుక్రకణాల తయారీ శాశ్వతంగా ఆగిపోయి, అండాల తయారీ మొదలవుతుంది. కాబట్టి స్వయంగా కనగల పిల్లల సంఖ్య కూడా సుమారు 300 మాత్రమే. అండాలు మిగిలి ఉన్నా శుక్రకణాలు అయిపోతాయి. అదే పురుగు మగ పురుగుతో జతకడితే పిల్లల సంఖ్య వెయ్యి వరకు, అంతకు మించి కూడా పెరుగుతుంది. మగ పురుగు శుక్రకణాలు పరిమాణంలో పెద్దవి. అవి శుక్రగ్రాహికలో చేరి, ముందే ఉన్న చిన్న శుక్రకణాలను ప్రక్కకు నెట్టి, తామే ఎక్కువ అండాలను ఫలదీకరిస్తాయి.

ప్రతి అండం విషయంలోను జరిగే క్రమం ఇది. శుక్రగ్రాహికకు దగ్గరగా ఉన్న అండం మొదట పక్వమవుతుంది. చుట్టూ ఉన్న కండర స్వభావం గల కణాలు ముడుచుకొని అండాన్ని శుక్రగ్రాహికలోకి నెడతాయి. అంతవరకు ముడుచుకొని ఉన్న శుక్రగ్రాహిక గోడ సాగి అండానికి చోటిస్తుంది. అండంలోకి ఒక శుక్రకణం ప్రవేశించిన తరువాత గోడ ముడుచుకొని, గర్భాశయం వైపున్న కవాటం తెరచుకొని, గుడ్డు గర్భాశయంలోకి జారుతుంది. ఆ వెంటనే శుక్రగ్రాహిక తరువాతి అండానికి సిద్ధమవుతుంది.

శుక్రకణాలు ఊరక ఎదురుచూస్తూ ఉండవు. వాటి నుండి వెలువడే ప్రధాన శుక్రకణ ప్రోటీను అండం పక్వం కావడానికి, అది విడుదల కావడానికి సంకేతంగా కూడా పనిచేస్తుంది. శుక్రగ్రాహికలో శుక్రకణాలు లేకపోతే అండాల విడుదల బాగా మందగిస్తుంది. ఫలదీకరణకు అవకాశం లేనప్పుడు అండాలు వృథా కాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. అండాలు కూడా ప్రోస్టాగ్లాండిన్‌ల వంటి పదార్థాలను వెలువరించి శుక్రకణాలకు దారి చూపుతాయి.

వివిధ జాతులలో

ఏలికపాము

మనిషి చిన్నప్రేగులలో ఉండే ఏలికపాములలో ఆడ పురుగు 20 నుండి 35 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఇది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ప్రేగులో ఆడ పురుగులు మాత్రమే ఉండి మగ పురుగులు లేనప్పుడు కూడా గుడ్లు పెట్టడం ఆగదు, కాని అవి ఫలదీకరణ చెందని గుడ్లు. ఇవి పొడవుగా, పలుచని పెంకుతో ఉండటం వలన మలపరీక్షలో వీటిని తేలికగా గుర్తించవచ్చు. ఇటువంటి గుడ్ల వలన ఇతరులకు వ్యాధి సోకదు.

గుర్రపు ఏలికపాము అండాలు జీవశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైనవి. బెల్జియం శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్ 1883లో వీటిని పరిశీలించి, పిండానికి తల్లి నుండి, తండ్రి నుండి సమాన సంఖ్యలో క్రోమోజోములు వస్తాయని చూపించాడు.

నారిపురుగు

నారిపురుగులో ఆడ, మగ పురుగుల మధ్య తేడా చాలా ఎక్కువ. మగ పురుగు పొడవు కొద్ది సెంటీమీటర్లు కాగా, ఆడ పురుగు సుమారు ఒక మీటరు వరకు పెరుగుతుంది. మనిషి దేహంలో జతకట్టిన తరువాత మగ పురుగు చనిపోతుంది. ఆడ పురుగు గర్భాశయం లక్షల కొలది డింభకాలతో నిండి దేహమంతా తానే అవుతుంది. సుమారు ఒక సంవత్సరానికి ఆ పురుగు కాలి చర్మం వద్దకు చేరి, నీరు తగిలినప్పుడు డింభకాలను విడుదల చేస్తుంది. దిగుడు బావులలోని నీరు త్రాగడం వలన ఈ వ్యాధి సోకేది. భారతదేశంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో ఉండిన ఈ వ్యాధి యొక్క చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

పంటల నులిపురుగులు

వరి వేరు నులిపురుగు నీరు నిలిచిన పొలాలలో వరి వేళ్ళలోకి దూరి జీవిస్తుంది. దీని ఆడ పురుగులలో శుక్రగ్రాహికలు శుక్రకణాలతో నిండి కనిపిస్తాయి. వరి ఆకుల కొనలను తెల్లగా మార్చే వేరొక నులిపురుగు విత్తనం ద్వారా వ్యాపిస్తుంది. దాని శుక్రగ్రాహిక కోలగా ఉంటుంది.

కూరగాయల వేళ్ళపై బుడిపెలు కలిగించే వేరుబుడిపె నులిపురుగులలో స్థితి వేరు. వీటిలో మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా అనే సర్వసాధారణమైన జాతి అనిషేకజననం ద్వారా వృద్ధి చెందుతుంది. శుక్రకణం అవసరం లేకుండానే ఒక్క ఆడ పురుగు కొన్ని వందల గుడ్లు పెట్టగలదు. అందువలన నారుమొక్క వేరులో ఒక్క ఆడ పురుగు వచ్చినా పొలమంతా వ్యాపించడానికి అది చాలును.

శుక్రగ్రాహిక నిండుగా ఉన్నదా, ఖాళీగా ఉన్నదా అనేదానిని బట్టి ఒక జాతి లైంగికంగా వృద్ధి చెందుతుందా, అనిషేకజననం ద్వారా వృద్ధి చెందుతుందా అని శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు. దాని ఆకారాన్ని జాతుల వర్గీకరణలో కూడా ఉపయోగిస్తారు.

బోదకాలు పురుగు

భారతదేశంలో బోదకాలు వ్యాధిని ఎక్కువగా కలిగించేది ఉకరేరియా బాంక్రాఫ్టి అనే నెమటోడు. రక్తంలో దీని పిల్ల పురుగులను 1872లో తిమోతీ లూయిస్ కలకత్తాలో కనుగొన్నాడు. పెరిగిన ఆడ పురుగును 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ కనుగొన్నాడు. పురుగు పేరులోని రెండవ భాగం ఆయన పేరు నుండి వచ్చినదే. దోమలో ఈ పురుగు పెరుగుదలను పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్‌లో గమనించాడు.

పెరిగిన పురుగులు మనిషి శోషరస నాళాలలో నివసిస్తాయి. ఆడ పురుగు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉన్నా, మందం మాత్రం మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. మగ పురుగు పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. ఆడ, మగ పురుగులు ఒకదానినొకటి చుట్టుకొని గూడువలె ఉంటాయి. వృషణాల సంచిని అల్ట్రాసౌండు యంత్రంతో చూసినప్పుడు ఇవి ఎడతెగక మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. దీనిని వైద్యులు ఫైలేరియా నృత్యం అంటారు.

ఈ పురుగులో జననరంధ్రం తలవైపున, కొన నుండి మిల్లీమీటరు దూరంలోపే ఉంటుంది. అక్కడి నుండి యోని, రెండుగా చీలిన గర్భాశయం, శుక్రగ్రాహికలు, స్త్రీబీజవాహికలు, చివరకు తోకవైపున స్త్రీబీజకోశాలు ఉంటాయి. శుక్రగ్రాహికలో ఫలదీకరణ చెందిన అండం జననరంధ్రం వైపు జరుగుతూ దారిలోనే పెరుగుతుంది. కాబట్టి గర్భాశయం లోపలి కొనలో లేత పిండాలు, బయటి కొన వద్ద పూర్తిగా తయారైన పిల్లలు వరుసగా కనిపిస్తాయి. అండపు పలుచని పొర చీలక, సాగి పిల్ల పురుగుకు తొడుగుగా మారుతుంది. ఈ పిల్లలను సూక్ష్మఫైలేరియాలు అంటారు. వీటి పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు. ఆడ పురుగు రోజూ వేల సంఖ్యలో వీటిని కంటుంది. ఈ సంతానోత్పత్తి సాధారణంగా 4 నుండి 6 సంవత్సరాలు, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువ కాలం కొనసాగుతుంది.

సూక్ష్మఫైలేరియాలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఉండి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందువలన ఈ వ్యాధికి రక్తపరీక్షను రాత్రి పది గంటల ప్రాంతం నుండి చేస్తారు. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమ వీటిని పీల్చుకుంటుంది. దోమలో సుమారు 10 నుండి 14 రోజులలో ఇవి సోకే దశకు పెరుగుతాయి కాని, సంఖ్యలో పెరగవు. మనిషి దేహంలో కూడా సూక్ష్మఫైలేరియాలు నేరుగా పెద్ద పురుగులు కాలేవు. అనగా, మనిషిలో ఉన్న ప్రతి పెద్ద పురుగూ దోమకాటు ద్వారా విడిగా వచ్చినదే. ఒక ఆడ పురుగు, ఒక మగ పురుగు ఒకే మనిషి శోషరస నాళాలలో చేరి, జతకట్టి, శుక్రగ్రాహిక నిండినప్పుడే రక్తంలోకి సూక్ష్మఫైలేరియాలు వస్తాయి. ఈ ఒక్క సంగతి వ్యాధి నిర్మూలనకు ఆధారమైనది.

కొల్లేటి ప్రాంతంలో

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు ప్రాంతంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దీనిలో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా దీని నీరు బంగాళాఖాతానికి చేరుతుంది. 1999లో ఇది వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. కలిదిండి ఈ ప్రాంతంలోని మండల కేంద్రం. 2022 వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరింది. వరిపొలాలు, చేపల చెరువులు, పంటకాలువలు, మురుగు కాలువలు ఇక్కడి భూమిలో అధిక భాగాన్ని ఆక్రమించి ఉన్నాయి.

ఇంత నీరు ఉన్నందున కొల్లేరే ఫైలేరియా దోమలకు పుట్టినిల్లు అని కొందరు భావిస్తారు. క్యూలెక్స్ దోమ ముఖ్యంగా ఇళ్ళ మధ్య నిలిచే మురికి నీటిలో, మూతలేని కాలువలలో, మరుగుదొడ్ల గుంటలలో పెరుగుతుంది. చేపలు తిరుగాడే విశాలమైన నీరు దీనికి అంతగా అనుకూలం కాదు. డెల్టా నేల చదునుగా ఉండి, నీరు త్వరగా పారక ఊరి కాలువలలోనే నిలిచిపోవడం ఈ దోమకు కలిసివచ్చింది. అంతరతామర వేళ్ళను పట్టుకొని పెరిగే మాన్సోనియా దోమలు వేరు. అవి వ్యాపింపజేసే బ్రూజియా మలయి అనే పురుగు భారతదేశంలో ముఖ్యంగా కేరళ తీరంలో కనిపించేది.

ఉభయ గోదావరి జిల్లాలలో, కృష్ణా జిల్లాలో బోదకాలు, వరిబీజం అనేక కుటుంబాలకు తెలిసిన బాధలు. వరిబీజం అనగా వృషణాల సంచిలో నీరు చేరడం. ఈ వ్యాధితో ప్రాణం పోవడం అరుదు. కాని వాచిన కాలితో పొలం పనికి, చేపల పట్టుబడికి వెళ్ళలేక జీవనాధారం పోతుంది. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయి. ఇది పాపఫలమని, వంశపారంపర్యమని, ఊరి నీరు పడకపోవడం వలన వస్తుందని పూర్వం నమ్మేవారు. ఈ నమ్మకాలకు ఆధారం లేదు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఫైలేరియాపై శిక్షణ, పరిశోధనల కొరకు జాతీయ అంటువ్యాధుల సంస్థ తన శాఖను రాజమండ్రిలో నెలకొల్పింది. ఆ సంస్థ పేరు 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా మారింది.

యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలుకు నేటికీ వాడుతున్న ముఖ్యమైన మందు డైఇథైల్ కార్బమజైన్. దీనిని కనుగొన్న బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. భీమవరం కొల్లేటికి తూర్పున ఉన్న డెల్టా పట్టణం. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఆయన ఆధ్వర్యంలోని శాస్త్రజ్ఞులు పత్తి ఎలుకలలో ఉండే ఒక ఫైలేరియా పురుగుపై అనేక రసాయనాలను పరీక్షించి ఈ మందును గుర్తించారు. ఫలితాలు 1947లో ప్రచురితమైనాయి. ఈ మందు హెట్రజాన్ అనే పేరుతో విడుదలైంది. సుబ్బారావు మరుసటి సంవత్సరం 1948లో మరణించాడు.

మందులు మరియు ఆడ పురుగు సంతానశక్తి

డైఇథైల్ కార్బమజైన్ రక్తంలోని సూక్ష్మఫైలేరియాలను త్వరగా తొలగిస్తుంది. పెద్ద పురుగులలో కొన్నింటిని మాత్రమే చంపుతుంది. మిగిలిన ఆడ పురుగులు కొన్ని నెలల తరువాత మరల పిల్లలను కనడం ప్రారంభిస్తాయి. కాబట్టి ఒక్కసారి మందు మింగితే సరిపోదు. ఆడ పురుగుల సంతానోత్పత్తి కాలం ముగిసేవరకు, ఏటా రక్తంలోని సూక్ష్మఫైలేరియాలను తొలగిస్తూ ఉండాలి. అలా చేస్తే ఆ కాలమంతా దోమలకు పీల్చుకోవడానికి సూక్ష్మఫైలేరియాలు దొరకవు. పాత పురుగులు ముసలివై చనిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి రావు. ఐదు సంవత్సరాలకు తక్కువ కాకుండా ఏటా మందు ఇవ్వాలనే నియమం ఈ లెక్క మీద ఏర్పడినదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఫైలేరియా నిర్మూలనకు ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభించింది. భారతదేశంలో 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో సామూహిక మందుల పంపిణీ జరిగింది. తరువాత దీనికి ఆల్బెండజోల్ జతచేశారు. 15 సంవత్సరాలు దాటినవారికి డైఇథైల్ కార్బమజైన్ 300 మిల్లీగ్రాములు, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తారు. రెండు సంవత్సరాలలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు.

ఈ రెండింటికి ఐవర్‌మెక్టిన్‌ను కలిపి మూడు మందులుగా ఇచ్చినప్పుడు, ఒక్క మోతాదుతో చాలామందిలో రక్తం రెండు మూడు సంవత్సరాల వరకు సూక్ష్మఫైలేరియాలు లేకుండా ఉండటం గమనించారు. పెద్ద పురుగులు చనిపోకపోయినా, ఆడ పురుగులు చాలాకాలం సంతానహీనమవుతున్నాయని శాస్త్రజ్ఞులు భావించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ పద్ధతిని కొన్ని ప్రాంతాలకు సిఫారసు చేసింది. తరువాత భారతదేశంలోని ఎంపిక చేసిన జిల్లాలలో కూడా దీనిని అమలుచేశారు.

మరొక మార్గం ఉల్బాకియా అనే బాక్టీరియాకు సంబంధించినది. ఇది బోదకాలు పురుగు కణాలలో సహజీవనం చేస్తూ, ఆడ పురుగు స్త్రీబీజకోశం ద్వారా తరతరాలకు అందుతుంది. ఇది లేకపోతే పిండాలు పెరగవు. డాక్సీసైక్లిన్‌ను నాలుగు నుండి ఆరు వారాలు వాడితే ఉల్బాకియా నశించి, ఆడ పురుగు సంతానహీనమై, క్రమంగా చనిపోతుంది. అయితే ఈ మందును చిన్న పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు. వారాల తరబడి రోజూ మింగవలసి ఉన్నందున ఊరంతటికీ పంచడం కష్టం.

వ్యాప్తి ఆగిపోయే హద్దు

ఒక ప్రాంతంలో పురుగుల సంఖ్య బాగా తగ్గితే, ఒక మనిషిలో ఒక్క ఆడ పురుగు మాత్రమే ఉండటం, జతకట్టడానికి మగ పురుగు దొరకకపోవడం తరచుగా జరుగుతుంది. అటువంటి ఆడ పురుగు బ్రతికి ఉన్నా దాని శుక్రగ్రాహిక ఖాళీగా ఉంటుంది, సూక్ష్మఫైలేరియాలు పుట్టవు. అందువలన చివరి పురుగు వరకు చంపవలసిన అవసరం లేదు. సంఖ్య ఒక హద్దుకు దిగితే వ్యాధి తనంతట తానే అంతరిస్తుంది. అనిషేకజననం గల వేరుబుడిపె నులిపురుగులకు ఇటువంటి హద్దు లేదు. పొలంలో వాటిని వదిలించుకోవడం కష్టం కావడానికి ఇది ఒక కారణం.

ఈ హద్దును చేరినదీ లేనిదీ తెలుసుకోవడానికి 6, 7 సంవత్సరాల వయసు పిల్లల రక్తాన్ని పరీక్షిస్తారు. ఈ పిల్లలు మందుల పంపిణీ జరిగిన కాలంలో పెరిగినవారు కాబట్టి, వారిలో పురుగు ఆనవాలు ఉన్నదంటే వ్యాప్తి ఇంకా జరుగుతున్నట్లే. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు గుర్తింపు పొందినాయి. భారతదేశం 2027ను లక్ష్యంగా పెట్టుకున్నది.

ఆరోగ్యవంతులు మందు మింగవలసిన కారణం

మందు పంపిణీ సమయంలో తరచుగా వినిపించే ప్రశ్న, వ్యాధి లేనివారు మందు ఎందుకు మింగాలి అనేది. పురుగు సోకినవారిలో ఎక్కువమందికి పైకి ఏ లక్షణమూ కనిపించదు. వారి రక్తంలో సూక్ష్మఫైలేరియాలు ఉండవచ్చు. దీనికి భిన్నంగా, కాలు బాగా వాచినవారి రక్తంలో చాలాసార్లు సూక్ష్మఫైలేరియాలు ఉండవు. వారిలోని పురుగులు అప్పటికే చనిపోయి, శోషరస నాళాలు దెబ్బతిని ఉంటాయి. కాబట్టి బోదకాలు ఉన్నవారిని దూరం పెట్టడం వలన ప్రయోజనం లేదు. వ్యాధి ఎక్కువగా ఆరోగ్యంగా కనిపించే వారి నుండి దోమల ద్వారా వ్యాపిస్తుంది.

మందు మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. రక్తంలోని సూక్ష్మఫైలేరియాలు చనిపోతున్నప్పుడు దేహంలో కలిగే ప్రతిచర్య దీనికి ముఖ్య కారణం. సాధారణంగా ఇవి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి.

ఇప్పటికే వాచిన కాలు మందుతో పూర్వస్థితికి రావడం అరుదు. రోజూ సబ్బు, నీటితో కడిగి తడి ఆరేలా తుడవడం, వేళ్ళ సందులలో పుండ్లు పడకుండా చూసుకోవడం, కూర్చున్నప్పుడు కాలిని ఎత్తుగా ఉంచడం, తగిన చెప్పులు ధరించడం వలన జ్వరంతో కూడిన నొప్పులు తగ్గి, వాపు పెరగకుండా ఉంటుంది. వరిబీజాన్ని శస్త్రచికిత్సతో నయం చేయవచ్చు.

ఇవి కూడా చూడండి

నెమటోడా
బోదకాలు
ఏలికపాము
నారికురుపు
క్యూలెక్స్
యల్లాప్రగడ సుబ్బారావు
కొల్లేరు సరస్సు
కలిదిండి